మేరుపూస దాటని నామం

ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు పోయే తొలి బస్సులో మాలకొండమ్మ కిటికీ పక్కన కూర్చుని, పసిబిడ్డను పెట్టుకున్నంత పదిలంగా ఒడిలో ఒక ప్లాస్టిక్ పెట్టెను పెట్టుకుంది. అరచేతికన్న కాస్త పెద్దదైన ఆ పెట్టె ముప్పై ఎనిమిది రోజులుగా నోరు మూసింది లేదు. చుట్టిన తెల్ల తువ్వాలు లోపలినుంచి, చెవి ఒగ్గితే తప్ప వినబడనంత మెల్లగా, రామనామం చెబుతూనే ఉంది.

మండల దీక్ష అది. నలభై ఒక్క దినాలు రామనామం తెగకుండా సాగాలి. ఒక నోరు ఆగకముందే మరొక నోరు అందుకోవాలి. నడుమ గుక్క తిప్పుకునేటంత ఖాళీ కూడా ఉండరాదు. ఆ ఖాళీ వచ్చిందా, దీక్ష మొదటికి వచ్చినట్టే. తొలి ఏకాదశినాడు కాశీలో, గంగ ఒడ్డున, నలభై ఒకటవ నాటి నామం ముగించాలన్నది సంకల్పం. కాశీలో కన్నుమూసేవారి చెవిలో సాక్షాత్తు విశ్వేశ్వరుడే వంగి తారకనామం చెబుతాడని పెద్దల మాట. ఆ నామాన్ని ఆ ఊరికే మోసుకుపోయి ఆయనకే అప్పజెప్పాలని వాళ్ళ ఆశ.

ఒకప్పుడు ఉదయగిరి భజన మండలిలో ముప్పైమంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆరుగురు. గురువుగా గోవిందయ్య, మద్దెల వాయించే వెంగయ్య, పెంచలమ్మ, ఆమె తోడికోడళ్ళు ఇద్దరు, మాలకొండమ్మ. ఆరుగురితో రేయింబవళ్ళు వంతులు కుదరవు గనుక పెట్టెను కూడా మండలిలో చేర్చుకున్నారు. మందిరం గోడకు అతికించిన వంతుల కాగితంలో గోవిందయ్య పేరు కింద, వెంగయ్య పేరుపైన, "పెట్టె" అని ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. మొదట దానికి రెండు వంతులే. తరువాత ఒకరికి మోకాళ్ళ నొప్పి వచ్చింది, ఒకరికి ఇంట్లో పురుడు వచ్చింది. పెట్టెకు మాత్రం ఏమీ రాదు గదా! పదిహేనవ రోజుకు సగం దీక్ష దానిదే అయింది. మనుషులు పాడే వేళలో కూడా, నామం ఎక్కడ తెగుతుందోనని, దాన్ని మెల్లగా పలకనిస్తూనే ఉండేవారు.

మాలకొండమ్మ వంతులైతే మొదటి రోజునుంచీ పెట్టెవే. ఇరవై ఏళ్ళపాటు కలిగిరి మొదలు కలువాయి దాకా ఏ ఊరి భజనకైనా ఆమెను పిలుచుకుపోయేవారు. ఆమె పైస్థాయి అందుకుంటే మద్దెల వాయించేవాడు చేయి ఆపి వినేవాడు. రెండేళ్ళ కింద వచ్చిన జ్వరమూ దగ్గూ ఆ గొంతును తీసుకుపోయాయి. కోలుకున్నాక తొలి భజనలో నోరు తెరిస్తే, పై మెట్టు దగ్గర గొంతు పగిలి రెండు ముక్కలైంది. ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆనాటినుంచి ఆమె పదిమందిలో పాడలేదు. ఊరకే కూర్చోవడం ఇష్టంలేక పెట్టె కొని తెచ్చింది. దీక్షకు ముందు అది చెడిపోతే ఆత్మకూరులో బాగుచేయించింది. దానికి చార్జింగు పెట్టడం, దుమ్ము తుడవడం, అదే ఆమె సేవ.

కాశీకి రైలు టిక్కెట్లు ఎంతకీ ఖాయం కాకపోయేసరికి, వెంగయ్య మనవరాలు ఆరుగురికీ విమానం టిక్కెట్లు తీసింది. మద్రాసులో ఎక్కాలి. ఆరుగురిలో ఒక్కరూ అంతవరకు విమానం ఎక్కి ఎరగరు.

బస్సు కొండ మలుపు తిరిగింది. డ్రైవరు శీనయ్య తన సీటుకు పైన ఒక రేడియో బిగించుకున్నాడు. అందులో, ముల్లు చివరి గీత దగ్గర, ఎవరో వేరుశనగ తెగుళ్ళ గురించి చెబుతున్నారు. మలుపు దాటగానే ఆ మాట సన్నగిల్లి, గరగరమని, దాని స్థానంలో స్పష్టంగా, బస్సంతా వినబడేటట్టు రామనామం మొదలైంది.

"ఓబయ్యా! దీన్ని ఎవురు తిప్పినారు?" అన్నాడు శీనయ్య ఉలిక్కిపడి.

"నేనేడ తిప్పినా? నా చేతిలో టిక్కెట్ల మిషనుండాది," అన్నాడు కండక్టరు ఓబయ్య.

శీనయ్య మీట తిప్పాడు. వేరే స్టేషన్ల గోల వినబడింది. మళ్ళీ మొదటి చోటికి తిప్పితే మళ్ళీ రామనామమే. వెనక సీటులోని ముసలామె చెప్పులు విడిచి చేతులు జోడించింది. మాలకొండమ్మ ఒళ్ళు గగుర్పొడిచింది. తన తువ్వాలులోని నామమూ, పైన వినవచ్చే నామమూ అక్షరానికి అక్షరం కలిసి నడుస్తున్నాయి. తన పెట్టెకు ఆకాశం వంత పాడుతున్నట్టుంది.

గోవిందయ్య లేచి నిలబడ్డాడు. నిలబడ్డాడంటే ఉపన్యాసమే.

"ముప్పై ఎనిమిది దినాలు తెగకుండా చేస్తే స్వామి పలక్కుండా ఉంటాడా? ఇది పెట్టె గాదు, ప్రత్యక్ష దైవం! మాలకొండమ్మక్కా, దాన్ని కాశీ దాకా ఆపినావంటే ఒట్టు!"

"నేనెందుకు ఆపతాను అబ్బయ్యా?" అన్నది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

ఆత్మకూరులో దిగేసరికి ఎండ ఎక్కింది. నెల్లూరు బస్సుకు ఇంకా గంటన్నర వ్యవధి ఉంది. గోవిందయ్య తక్కినవాళ్ళను వెంటబెట్టుకుని టిఫిను చేయడానికి పోయాడు. మాలకొండమ్మ మాత్రం పెట్టె పట్టుకుని బస్టాండు ఎదుటి సందులోకి నడిచింది. పెట్టెను బాగుచేసిన ముజఫర్ అంగడి అక్కడే. ఇంత మహిమ జరిగిందని అతనికి చెప్పకుండా పోవడం ఆమెకు మనసొప్పలేదు.

"రా అవ్వా, కూర్చో. పెట్టె బాగా పాడతాండాదా?" అన్నాడు ముజఫర్, విప్పిన ఫోనుమీదనుంచి తల ఎత్తి.

"బాగా ఏంది నాయనా! పొద్దున బస్సులో రేడియో గూడా దానికి వంత పాడింది. నీ చేతి చలవ."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. "రేడియోనా? ఎంత దూరంలో ఉండాది అది?"

"డ్రైవరు నెత్తిన. నేను నాలుగు వరసలు వెనక."

ముజఫర్ లేచాడు. అరమీదున్న పాత రేడియో దించి, మీట మెల్లగా చివరిదాకా తిప్పాడు. సరిగ్గా చివర, ముల్లు ఇక కదలని చోట, రామనామం గట్టిగా పలికింది. దాన్ని పట్టుకుని సందులోకి నడిచాడు. చెరకురసం బండి దాటాడు, టైలరు అంగడి దాటాడు. అక్కడా పలుకుతూనే ఉంది. తిరిగివచ్చి స్టూలుమీద కూలబడ్డాడు.

"తప్పు నాదే అవ్వా. దీని బోర్డు కాలిపోయింటే, కార్లలో పెట్టుకునే బోర్డొకటి తీసి ఏసినా. ఫోనులో పాటను కారు రేడియోకు అందించే సామాను అది. అంటే ఇది పాడటమే గాదు, చిన్న రేడియో స్టేషను మాదిరి పాటను గాల్లోకి పంపతాండాది. ఆ పంపే వైరు కత్తిరించాల్సింది, మరిచిపోయినా."

మాలకొండమ్మ ముఖం చిన్నబోయింది. మహిమ ఒక వైరు ముక్క అయిపోయిందన్న బాధ అది. అయినా సర్దుకుంది. "పోనీలే నాయనా. బస్సులో పదిమంది చెవిన నామం పడింది గదా. దాంతో నష్టమేముండాది?"

"బస్సులో ఏం నష్టం లేదవ్వా. నువ్వు విమానమెక్కతాండావే, అదీ నా బాధ." అతను రేడియో మీది గీతల పలకను ఆమెకు చూపాడు. "ఇదిగో, మన రేడియోలకు ఇచ్చిన తావు నూట ఎనిమిది అంకెతో ఐపోతాది. ఆడనుంచి విమానాలది. నేలమీదనుంచి దారి చెప్పే సన్న సంకేతాలన్నీ ఆ నూట ఎనిమిదికి అవతలే. నీ పెట్టె సరిగ్గా గట్టుమీద కూర్చోనుండాది. ఇట్టాంటి చవక బోర్డులు గట్టు ఇవతలే ఉండవు, అవతలికి పొర్లతాయి."

"నూట ఎనిమిదా?" అన్నది మాలకొండమ్మ.

ఆమె చేయి అప్రయత్నంగా మెడలోని తులసిమాలమీదికి పోయింది. నూట ఎనిమిది పూసలు, వాటి తలన మేరుపూస. జపం చేసేవారు మేరువును దాటరు. అక్కడిదాకా వచ్చి, మాలను వెనక్కు తిప్పుకుని, వచ్చిన దారినే మళ్ళీ పోతారు. ఎంత గొప్ప మంత్రమైనా అక్కడ ఆగి తిరగవలసిందే. నామానికి హద్దు లేదు కానీ, నామం చెప్పేవారి వేలికి హద్దు ఉంది. వివరాలు తెలియకపోయినా, అతను చెప్పిన గట్టు సంగతి ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది.

"అయితే విమానం పడిపోతాదా?"

"అట్టా అనను. గల్ఫులో ఒక విమానాశ్రయంలో నాలుగేండ్లు చేతి రేడియోలు బాగుచేసినా. ఇదే మాట ఆడి ఇంజనీర్లను అడిగినా. ఒకాయన, ఏం గాదు పో అన్నాడు. ఇంకొకాయన, మబ్బులో నేల కనపడనప్పుడు పైలెట్టు ఒక సూదిని నమ్ముకోని దిగతాడు, ఆ సూది వెంట్రుకవాసి పక్కకు జరిగినా అది ఎవురి సామాను వల్లో ఎవురూ చెప్పలేరు, అందుకే అన్నీ ఆపమంటాం అన్నాడు. జరగతాదని రుజువు లేదవ్వా. జరగదని గూడా లేదు."

"ఆ వైరు ఇప్పుడు కత్తిరించు."

"కత్తిరిస్తా. ఐదు నిమిషాల పని. బోర్డు తీసి మళ్ళా అతికేసరికి పది. కానీ కరెంటు తియ్యాల. పెట్టె ఆగతాది."

ఆమె ఫోను తీసి గోవిందయ్యకు చేసింది. సంగతంతా చెప్పి, "నువ్వొచ్చి పది నిమిషాలు నామం అందుకో అబ్బయ్యా," అన్నది.

"నీకేమన్నా మతి ఉండాదా అక్కా? స్వామి ఇచ్చిన నిదర్శనాన్ని కత్తెరేసి కత్తిరిస్తావా? ఫోన్లు గోకే పిలగాడు విమానాల సంగతి చెప్పేదా, నువ్వు వినేదా!"

"పద్ధతిగానే చెప్పినాడు. నూట ఎనిమిది దాటకూడదంట."

"గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టు. పైన చీరలు కప్పు. ఎవురికి తెలస్తాది? దాన్ని ఆపినావా, నేను నోరు తెరవను, మండలిలో ఎవురూ తెరవరు. తెగితే ఆ పాపం నీదే." ఫోను పెట్టేశాడు.

మాలకొండమ్మ ఫోను ఒడిలో పెట్టుకుంది. అతని చెల్లెలు సుమయా లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టి, అన్న పక్కన నిలబడింది.

దాచడం తేలికే. ఆరుగురు ముసలివాళ్ళ మూటల్లో చీరల కింద ఒక పెట్టె, అడిగేవాడుండడు. జరగకపోవచ్చు కూడా. కానీ ఆ మబ్బుల్లో ఎవరో ఒక తల్లి కన్నబిడ్డ కళ్ళు పనికిరాక, నేలనుంచి వచ్చే ఒక సన్నని మాటకోసం చెవి ఒగ్గి ఉంటాడు. అతని వెనక కూర్చున్నవారు తమ ప్రాణాలు ఆ చెవిలో పెట్టి నిశ్చింతగా ఉంటారు. విశ్వేశ్వరుడు తారకం చెప్పేది చెవిలోనే. అట్టి చెవిలో గరగర పోసి, దానికి రామనామమని పేరు పెట్టవచ్చునా? తన వ్రతానికి ఇంకొకరి ప్రాణం ఒడ్డే అధికారం తనకెవరిచ్చారు?

ఇక మిగిలింది ఒక్కటే దారి. తన గొంతు.

సందునిండా జనం. ఎదుట చెరకురసం గిరాకీ. ఫోనుకోసం వచ్చి కాచుకున్నవాళ్ళు ముగ్గురు. పాడటం మొదలుపెట్టి, నడుమ గొంతు పెగలక ఆగిందంటే ముప్పై ఎనిమిది రోజులు నీళ్ళలో కలిసినట్టే. ఆరుగురి మొక్కూ పోతుంది, తనవల్ల పోతుంది. పెట్టెను ఆపకపోతే దీక్ష నిలుస్తుంది, మనసు నిలవదు.

"నాయనా, నేను నామం ఎత్తుకుంటాను. రెండు చుట్లు నిలకడగా వచ్చినాక చెయ్యి ఊపతాను. అప్పుడు ఆపు. తొందరగా చెయ్యి."

"గాబరా పడబాక అవ్వా. నా చెయ్యి వణకదు," అన్నాడు ముజఫర్, స్క్రూడ్రైవరు తీసుకుంటూ.

ఆమె కళ్ళు మూసుకుంది. తొలి నామం గాలిగానే వచ్చింది, శబ్దం లేదు. రెండవది బొంగురుగా వచ్చింది. మూడవదానికి ఒక దారి దొరికింది. పాత దారి కాదు, దానికింద ఎక్కడో, వెడల్పుగా, గరుకుగా ఉన్న మరో దారి. రెండు చుట్లు తిరిగి చేయి ఊపింది. ముజఫర్ మీట నొక్కాడు.

ముప్పై ఎనిమిది రోజుల తరువాత పెట్టె ఊరకుంది. ఆ సందులో ఆమె గొంతొక్కటే మిగిలింది.

మొదటి నిమిషం భయంతోనే గడిచింది. ఫోనుకోసం వచ్చినవాళ్ళలో ఒకడు, "ఏందన్నా, ఈమెకు ఏమైనాది?" అన్నాడు. సుమయా, "మొక్కు, అన్నా. మాట్లాడబాకండి," అని వాడి నోరు మూయించింది. రెండవ నిమిషానికి ఎవరు వింటున్నారన్న ధ్యాస సన్నగిల్లింది. నాలుగవ నిమిషానికి గొంతు ఎండసాగింది. పక్కనే నీళ్ళ గ్లాసు ఉంది. తాగితే నామం తెగుతుంది. సుమయా గ్లాసు ఎత్తి ఇవ్వబోయి, సంగతి గ్రహించి, ఏమీ చేయలేక దాన్ని చేతిలోనే పట్టుకు నిలబడింది. ఆరవ నిమిషంలో దగ్గు తెర కిందినుంచి లేచింది. మాలకొండమ్మ దాన్ని అణచిపట్టి, నామాన్ని గుసగుసలోకి దించి, అక్షరం వదలకుండా నడిపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముజఫర్ చేతిలో సోల్డరింగు పొగ సన్నగా లేస్తోంది; అతను తల ఎత్తలేదు.

ఇంకో నామం. ఇంకొక్కటి. ఇదే చివరిదేమో అనుకుంటూ ఆమె నోరు తెరిచిన క్షణంలో, ఆమె స్వరానికి కింద, అంగడి మెట్టు దగ్గరనుంచి, మరో గొంతు వచ్చి చేరింది.

వెంగయ్య. బస్సుకు వేళవుతుందని వెతుక్కుంటూ వచ్చినవాడు, సందు మొగలోనే విన్నాడు. ఏమని అడగలేదు. చెప్పులు విడిచి, మెట్టుమీద కూర్చుని, ఆమె ఆగకముందే అందుకున్నాడు. అందుకున్నానన్నట్టు చేయి ఎత్తి చూపాడు. అది మండలి పద్ధతి.

మాలకొండమ్మ అప్పుడు ఆగింది. సుమయా చేతినుంచి గ్లాసు తీసుకుని గుక్క తిప్పుకోకుండా తాగింది. దగ్గు వచ్చింది; కరువుదీరా దగ్గింది. ఆమె దగ్గు తీరేలోగా పెంచలమ్మ, ఆమె తోడికోడళ్ళూ వచ్చి వెంగయ్య వెనక చేరారు.

"గోవిందయ్య పాడొద్దన్నాడు గదా?" అన్నది మాలకొండమ్మ వాళ్ళతో, బొంగురు గొంతుతో.

"అన్నాడు," అన్నది పెంచలమ్మ. "ఆయన ఉప్మా తింటాండాడు. ఆయన ఉప్మా అయ్యేలోపల రాముడు ఆగతాడా?"

గోవిందయ్య చివరికి వచ్చాడు. సందు మొగనుంచే, "బస్సు పోతాది!" అని అరుస్తూ వచ్చినవాడు, నలుగురూ కలిసి పాడుతుండటం చూసి అరుపు ఆపాడు. ముజఫర్ పెట్టెకు మూత బిగించి, పాత రేడియో దాని పక్కనే పెట్టి, ముల్లును చివరిదాకా తిప్పాడు. వట్టి హోరు. మళ్ళీ తిప్పాడు. హోరే. పెట్టెలో మాత్రం నామం యథాప్రకారం పలుకుతోంది.

"ఇంగ ఇది ఇంట్లో మనిషే అవ్వా, వీధిలోకి పోదు," అన్నాడు ముజఫర్. "అయినా విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు దీన్ని గూడా ఆపాల. వాళ్ళ మాట మీరబాకండి."

గోవిందయ్య పెట్టెనూ రేడియోనూ మార్చి మార్చి చూశాడు. బస్సులో తాను చేసిన ఉపన్యాసం గుర్తుకు వచ్చిందేమో, చెవులు ఎర్రబడ్డాయి. "పదండి, పదండి. సంచులు ఎవురు మోస్తారు?" అంటూ అందరి సంచులూ తానే అందుకున్నాడు.

మరునాడు విమానంలో ఆరుగురికీ ఆరు చోట్ల సీట్లు వచ్చాయి. ముందే కలిపి అడగాలని ఎవరికీ తెలియదు. మాలకొండమ్మకు ముందు భాగంలో, పెంచలమ్మకు ఆమెకు నడవ అవతల, తక్కినవారికి వెనక వెనకగా. గోవిందయ్యకు అన్నిటికన్న చివరి వరుసలో. లోపలికి రాగానే, ఎవరూ అడగకముందే, మాలకొండమ్మ నామం ఎత్తుకుని, నిలకడ వచ్చాక పెట్టె ఆపి సంచిలో పెట్టుకుంది. విమానపు అమ్మాయి వచ్చి, వచ్చీరాని తెలుగులో, "అమ్మా, ఎలక్ట్రానిక్ వస్తువు ఏదైనా నడుస్తోందా?" అని అడిగింది. మాలకొండమ్మ పాడుతూనే తల అడ్డంగా ఊపి, వేలితో తన గొంతు చూపింది. ఆ అమ్మాయి నవ్వి, బెల్టు సరిచేసి పోయింది.

పక్క సీటులో చెవులకు తెల్ల గుబ్బలు తగిలించుకున్న యువకుడొకడు ఉన్నాడు. గుబ్బ ఒకటి తీసి, "ఎంతసేపు పాడతారమ్మా?" అన్నాడు విసుగును దాచుకుంటూ. పాడే మనిషికి బదులు చెప్పడం కుదరదు గదా. నడవ అవతలనుంచి పెంచలమ్మే చెప్పింది: "కాశీ దాకా అబ్బయ్యా."

"దేనికి?"

"మా పెట్టె ఆపినాం. పైలెట్టుకు నేల మాట సరిగా వినపడాలంట."

అతను ఒక్క క్షణం ఆమెవంక చూసి, తొడకింద దాచుకుని ఇంకా సందేశాలు పంపుతున్న ఫోనును బయటికి తీసి, ఏదో నొక్కి, జేబులో పెట్టుకున్నాడు.

చక్రాలు నేలను విడిచాయి. బెల్టు విప్పరాదు, లేచి పోరాదు, ఇంజను హోరులో నాలుగు వరుసల అవతలి గొంతు వినబడదు. అయినా వంతులు నడిచాయి. అలసినవారు చేయి పైకెత్తుతారు. వెనకవారు నామం ఎత్తుకుని, తమ చేయి ఎత్తుతారు. వెనక్కు తిరిగి ఆ చేయి చూశాకనే మొదటి చేయి దిగుతుంది. నామం ఆ విధంగా వరుసలు దాటి గోవిందయ్యదాకా పోయి, మళ్ళీ మాలకొండమ్మ దగ్గరకు తిరిగి వచ్చింది, మళ్ళీ పోయింది. పైకి చేరాక బెల్టు దీపం ఆరి, ఇక వస్తువులు నడుపుకోవచ్చునని అమ్మాయి చెప్పినా ఎవరూ పెట్టె ఊసెత్తలేదు.

కాశీ దగ్గరపడుతుండగా విమానం మబ్బులో దూరింది. కిటికీ తెల్లబడిపోయింది, రెక్క కొస కూడా కనబడదు. ఒక కుదుపు, వెంటనే మరొకటి. వెనకెవరో "అమ్మో" అన్నారు. వంతు మాలకొండమ్మది. ఆమెకు భయం వేయలేదనడం అబద్ధం. కానీ ముందు గదిలో కూర్చుని, కనబడని నేల చెప్పే మాట వింటున్న ఆ బిడ్డ గుర్తుకు వచ్చాడు. విను నాయనా, బాగా విను, నావల్ల నీకు చప్పుడు లేదు, అనుకుంది. నామం సాఫీగా, గరుకుగా, బరువుగా సాగింది. మబ్బు చిరిగి, తడిసిన పొలాలూ, ఇటుక బట్టీలూ కిందనుంచి పైకి లేచి వచ్చాయి. చక్రాలు నేలను తాకాయి.

హోరు తగ్గింది. విమానం మెల్లగా నేలమీద నడుస్తుంటే, అంతసేపూ ఇంజను మింగిన ఆమె గొంతు అందరికీ వినబడసాగింది. ఆమె చేయి ఎత్తింది. నేల దిగాక తొలి వంతు గురువైన గోవిందయ్యదని ముందే అనుకున్నారు.

వెనక చేయి లేవలేదు.

ఆమె మళ్ళీ ఎత్తింది. ఎవరూ అందుకోలేదు. విమానం ఆగింది. జనం లేచి సంచులు దించుకుంటున్నారు. మాలకొండమ్మ పాడుతూనే వెనక్కు తిరిగి చూసింది. గోవిందయ్య అందరినీ తోసుకుంటూ, అందరిచేత తిట్లు తింటూ, ఆమె వరుసదాకా వచ్చి నిలబడ్డాడు. ఆమె కళ్ళతోనే గద్దించింది.

"కోపం జేసుకోబాక అక్కా," అన్నాడతను. "నేను అందుకుంటే నా గొంతే వినపడతాది. రెండేండ్లైంది నీ పాట విని. ఈ మెట్లు దిగిందాకా నువ్వే పాడు."

పక్క సీటు యువకుడు ఆమె సంచిని తానే తీసుకుని దారి ఇచ్చాడు. తలుపు దగ్గర వాన వాసన కొట్టింది. మాలకొండమ్మ నామాన్ని ఒక మెట్టు పైకి ఎత్తింది. అక్కడ గొంతు పగిలింది. ఎవరూ నవ్వలేదు, నవ్వినా ఆమె చూసి ఉండేది కాదు. పగిలిన చోటుమీదుగానే ఇంకొక మెట్టు ఎక్కి, నామం చెబుతూ, సన్నని వానలోకి ఆమె మెట్లు దిగింది.